లోపలి గడియ

రాత్రి డ్యూటీ ముగించుకుని, లిఫ్టు చెడిపోవడంతో ఉసూరుమంటూ మెట్లెక్కి వచ్చింది నర్సు. తలుపు ఊరికే దగ్గరగా వేసి ఉంది.

"తాళం వెయ్యకుండానే పనికి వెళ్ళిపోయాడు మహానుభావుడు," అని గొణుక్కుంది.

రోడ్డు వెడల్పులో ఇల్లు పోయి ఈ ఫ్లాట్లలోకి వచ్చి వారమే. అయినా పాత సందులోలాగే ఇక్కడా కళ్ళు మూసుకుని నడిచేయగలదు. తెరలు కూడా తీయకుండా, ఆ చీకట్లోనే పడకగదిలోకి వెళ్ళి మంచం మీద వాలిపోయింది.

వంటింట్లో గిన్నె పడింది.

చప్పుడు కాకుండా లేచి గడియ పెట్టింది. అడుగులు మెల్లగా వచ్చి తలుపు ముందు ఆగాయి. ఎవరో అవతలినుంచి తలుపు తోశారు.

గొంతు తగ్గించి భర్తకి ఫోన్ చేసింది.

"ఏమండీ, ఇంట్లో ఎవరో దూరారు. గదిలో గడియ పెట్టుకున్నాను. తొందరగా రండి."

"ఒంట్లో బాగోక సెలవు పెట్టాను. నేను ఇంట్లోనే ఉన్నాను. నువ్వెక్కడున్నావు?"

ఆమె ఫోన్ వెలుగులో గది చుట్టూ చూసింది.

తలుపు అవతల ఒక ముసలామె గొంతు వణికింది.

"ఏం కావాలంటే అది పట్టుకుపో నాయనా. నన్ను మాత్రం ఏం చెయ్యకు."