నాలుగొందల పేజీల ఫిర్యాదు

ఫైళ్లకు తాళం వేసే సాఫ్ట్‌వేర్ ఒకటి రాసి, కోడ్‌తో సహా లోకానికి ఉచితంగా వదిలాడాయన. పదేళ్లుగా మరమ్మతులూ ఆయనవే.

"ఎవరైనా వాడితే కదండీ!" అనేది భార్య.

నిజమేననిపించి, ఇక మానేద్దామనుకున్న రోజే ఒక ఫిర్యాదు వచ్చింది. కింద పేరు లేదు.

"మొన్నటి అప్‌డేట్ తర్వాత నా ఫైలు తెరుచుకోవడం లేదు. పెళ్లైనప్పటి నుంచీ మా ఆయన గురించి రాసుకున్న నాలుగొందల పేజీలూ అందులోనే ఉన్నాయి."

ఆ మొగుడెవడో ఘనుడేనని నవ్వుకుంటూ, ఆయన భోజనం మాని తప్పు వెతికాడు. సరిచేసి కొత్త అప్‌డేట్ వదిలాడు.

ఐదు నిమిషాలకు వంటింట్లోంచి "హమ్మయ్య, తెరుచుకుంది!" అని వినబడింది.

వెళ్లేసరికి భార్య ఫోన్ వెనక్కి దాచేసింది.

"డబ్బా మూతండీ," అంది. "మీరు మాత్రం ఆ సాఫ్ట్‌వేర్ మానేయకండి. ఆవిడెవరో ఇంకా చాలా రాసుకోవాలి, పాపం!"