పిన్ని చెప్పిన దారి

“సబ్‌వేలోకి దిగకు. వంతెన ఎక్కు,” అంది పిన్ని ఫోన్లో.

చిట్టి ప్లాట్‌ఫాం మీద నిలబడి అటూ ఇటూ చూసింది. సబ్‌వే మెట్లు ఎదురుగానే ఉన్నాయి. వంతెనేమో ఎక్కడో ఆ చివర ఉంది. సాయంత్రానికి చేరాల్సిన రైలు ఆగి ఆగి అర్ధరాత్రి దాటాక చేరింది. తనతోపాటు దిగిన నలుగురూ అప్పుడే సబ్‌వేలోకి దిగి మాయమైపోయారు.

“అందరూ ఇటే వెళ్ళారు పిన్నీ.”

“అందరి సంగతీ నాకెందుకే? నువ్వు వంతెన ఎక్కు.”

పిన్ని సంగతి ఇంట్లో అందరికీ తెలిసిందే. తన నీడ చూసి తనే ఉలిక్కిపడే రకం. రాత్రి గడియ పెట్టి, పెట్టానో లేదో అని మళ్ళీ లేచి చూసుకుని, బాబాయి చేత కూడా ఓసారి చూపిస్తే గానీ పడుకోదు. టీవీలో నేరాల వార్తలు ఒక్కటీ వదలదు. పెళ్ళికి ముందు ఈ ఊళ్ళోనే టైపిస్టు ఉద్యోగం వస్తే, వారం తిరక్కుండా పెట్టె పట్టుకుని ఇంటికి వచ్చేసిందట. నీళ్ళు పడలేదని చెప్పింది. “నీళ్ళు కాదు, దీనికి ధైర్యమే పడలేదు” అని అమ్మ ఇప్పటికీ ఆటపట్టిస్తుంది. అలాంటి మనిషి, రైలు దిగగానే ముందు తనకే ఫోన్ చెయ్యాలని చిట్టి చేత ఒట్టు వేయించుకుంది.

పొద్దున్నే చిట్టి ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగానికి చేరాలి. ఆలోగా ఆడపిల్లల హాస్టల్‌కి క్షేమంగా చేరాలి. ఆసుపత్రివాళ్ళు చూపించిన ఆ హాస్టల్ పిన్ని కాలం నాటిదే. ఆ వారం పిన్ని ఉన్నదీ అందులోనేనట.

వంతెన పైకి చేరేసరికి చిట్టికి ఆయాసం వచ్చింది. పైనుంచి చూస్తే స్టేషన్ బయట వీధి సగానికి సగం చీకటిగా ఉంది. ఒక్క మనిషీ కదలడం లేదు. అప్పటిదాకా లేని భయం అప్పుడు పట్టుకుంది.

“పిన్నీ, ఏదో ఒక బండి ఎక్కేస్తాను.”

“వద్దు. నడిచే దూరమే. ఇది విను. గేటు దగ్గర ఒకడు వచ్చి హాస్టల్ మూసేశారంటాడు. ఆగకు.”

“ఎవడు?”

“ఎవడో ఒకడు. మర్యాదగానే మాట్లాడతాడు. అమ్మా అంటాడు. ఆగకు.”

టీవీ వార్తలు మరీ తలకెక్కాయి అనుకుంది చిట్టి.

గేటు దాటుతుండగా గోడవార నుంచి ఒక మనిషి లేచాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల. బళ్ళో మేష్టారంటే నమ్మాల్సిందే.

“హాస్టల్‌కేనా అమ్మా? ఈ వేళప్పుడు తలుపు తియ్యరు. మా అక్కయ్య ఇల్లు ఈ పక్కనే. తెల్లారాక వెళ్దువుగాని.”

చిట్టికి పై ప్రాణం పైనే పోయింది.

“వచ్చాడా?” అంది పిన్ని.

“ఊఁ,” అంది చిట్టి.

“స్పీకర్ పెట్టు.”

పెట్టింది.

“దాని వెనక ఒక్కడుగు వేశావంటే నీ అంతు చూస్తానురా!”

పిల్లిని కూడా గట్టిగా అదిలించి ఎరగని పిన్ని అరిచిన అరుపది. అతను ఉలిక్కిపడి వెనక్కి తగ్గాడు. అంతలోనే తేరుకుని నవ్వాడు. ఫోన్లో ఉన్న మనిషి ఏం చేస్తుందిలే అన్నట్టుంది ఆ నవ్వు.

చిట్టి సూట్‌కేసు లాక్కుంటూ నడిచింది. వెనక చెప్పుల చప్పుడు మొదలైంది.

“కుడివైపు మందుల షాపు ఉంటుంది,” అంది పిన్ని.

“మూసేశారు.”

“మూసే ఉంటుంది. పక్కన సందు. అందులోకి తొంగి కూడా చూడకు. పరుగెత్తు.”

“సూట్‌కేసుతో ఎలా—”

“పారెయ్! బట్టలు మళ్ళీ కొనుక్కుందాం. పరుగెత్తు తల్లీ!”

చిట్టి సూట్‌కేసు వదిలేసి, సర్టిఫికెట్లున్న భుజం సంచి గుండెకి అదుముకుని పరుగెత్తింది. సందు మొదట్లో ఎవరో దగ్గారు. లోపల సిగరెట్ నిప్పు ఒకటి కదిలింది. చెయ్యి చాపితే అందేటంత దగ్గరలో. ఆమె తల తిప్పలేదు. కాళ్ళు తనవి కానట్టు పరుగెత్తాయి.

“దాటేశాను పిన్నీ!”

“దాటావా? నిజంగా దాటావా?”

“దాటాను. ఇప్పుడెటు?”

పిన్ని తడుముకుంది. “ఎడమవైపు మేడ ఉండాలి. బోర్డు ఉండాలి. చూడు.”

ఉంది. చిట్టి రెండు చేతులా తలుపు బాదింది. గుమ్మం మీద దీపం వెలిగింది. తలుపు తీసిన పెద్దావిడ ఆమె వాలకం చూసి మారుమాట్లాడకుండా లోపలికి లాగి గడియ బిగించింది.

“ల్యాబు అమ్మాయివేనా? నీకోసమే కూర్చున్నాను. వార్డెన్‌ని,” అంది. సంగతి విని, సూట్‌కేసు కోసం ఇద్దరు వాచ్‌మన్లని పంపింది.

చిట్టి మెట్ల మీద కూలబడింది. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

“గడియ పెట్టారా?” అంది పిన్ని.

“పెట్టారు పిన్నీ.”

“మళ్ళీ చూడు.”

“చూశాను. పెట్టారు.”

“తలుపు ఎలా ఉంది?”

“ఎలా ఉండటమేంటి? ఆకుపచ్చ రంగు. బాగా బరువు. నువ్వెరిగిన తలుపేగా?”

పిన్ని పాపం ఎంత హడలిపోయిందో అనుకుని చిట్టి ఫోన్ని చెంపకి ఆనించుకుంది. ఇన్నాళ్ళూ అమ్మతో కలిసి తనూ ఆవిడని ఏడిపించినందుకు సిగ్గేసింది.

“నువ్వు లేకపోతే నా గతేమయ్యేదో పిన్నీ. ఇకనుంచి నిన్ను పిరికిదంటే ఊరుకోను. అవునూ, ఉన్నది వారమేగా? గేటూ, మందుల షాపూ, ఆ సందూ ఇన్నేళ్ళయినా అంత బాగా ఎలా గుర్తున్నాయి నీకు?”

పిన్ని గొంతు తగ్గించింది.

“నేను ఆ సందు దాటలేకపోయాను, చిట్టీ.”