పద్నాలుగో సంచి

"ఆ రిజిస్టరు దొరికేదాకా నేనిక్కణ్ణుంచి కదలను తల్లీ," అంటూ పెద్దాయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

రికార్డుల గది అమ్మాయి నవ్వుతూ నిచ్చెన ఎక్కింది. "వెతుకుతున్నాగా బాబాయిగారూ! నలభై రెండేళ్ళ నాటిది. ఎలకలు దయతలిస్తే దొరుకుతుంది."

"ఎలకలకైనా దయుంటుందేమో గానీ ఈయనకి ఓపిక లేదమ్మా," అంది బెంచీ మీద కూర్చున్న ఆయన భార్య. "ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచీ కంటి మీద కునుకు లేదు."

వ్యవసాయ విశ్వవిద్యాలయానికి యాభై ఏళ్ళు నిండాయట. ఆ రోజుల్లో పరీక్ష కోసం జొన్న విత్తనాల సంచులు తీసుకున్న రైతులందరినీ రమ్మని ఉత్తరాలు రాశారు. గుమ్మం మీద పెద్ద అక్షరాలతో బోర్డు ఉంది: ‘ప్రజల డబ్బుతో నడిచే చదువు ప్రజల పొలాలకు చేరాలి.’ అది చదివి పెద్దాయన చెప్పులు బయటే విడిచాడు. "ఇదేం దేవుడి గది కాదండీ," అని భార్య అన్నా వినలేదు.

ఆయనకు ఆ చదువంటే అంత గురి. అప్పుడు ఇరవై రెండేళ్ళవాడు. విశ్వవిద్యాలయం జీపు ఊళ్ళోకి వచ్చిన మొదటిసారి తండ్రి వాళ్ళతో గంటసేపు మాట్లాడి వచ్చాడు. ఏం మాట్లాడావంటే చెప్పలేదు. సంచులు ఇవ్వొద్దని చెప్పి ఉంటాడని కొడుకు అనుకున్నాడు. తండ్రికి సొంత గింజ మీద అంత మమకారం.

నెల తిరిగాక ముప్పై సంచులు దిగాయి. పేర్లు లేవు, నంబర్లే. లోపల మందు పొడి పట్టించిన ఎర్రటి గింజలు, ఎలా విత్తాలో చెప్పే ఒక కాగితం. అతని వంతుకి పద్నాలుగో నంబరు వచ్చింది. తండ్రి తన పొలం చెక్కలో ఎప్పటిలాగే విత్తనం వెదజల్లాడు. కొడుకు కాగితంలో ఉన్నట్టు వరసల్లో వేశాడు. పంట తండ్రి దానికి ఒకటిన్నర రెట్లు వచ్చింది.

"వంగి వంగి వరసలు వేసిందీ, ఒత్తు మొక్కలు పీకిందీ నేను," అంది భార్య. "పేరు మాత్రం సంచికి!"

"గింజలో బలం లేకపోతే నీ నడుం వంగి ఏం లాభం?"

"ఆహా, ఆ మాట నా నడుంతో చెప్పండి."

అమ్మాయి పైనుంచి పకపకా నవ్వింది. "ఇంతకీ ఆ రిజిస్టరుతో పనేంటి బాబాయిగారూ? శాలువా రేపు ఎలాగూ కప్పుతారు."



"శాలువా కోసం కాదమ్మా. కళ్ళంలో రాశి పోశాక మా నాన్న ఒక గింజ తీసి పంటి కింద కొరికాడు. కొరికి నవ్వాడు. నన్ను వెక్కిరిస్తున్నాడనుకున్నాను. ‘నవ్వుతావేం? ఇది చదువుకున్నవాళ్ళ గింజ. నీది కోళ్ళకి చల్లుకో’ అన్నాను. నలుగురి ముందూ."

"ఆయనేమన్నారు?"

"ఏమీ అనలేదు. మరుసటేడు విత్తలేదు. ‘నా చెక్కలో కూడా నీ గింజే వెయ్యిరా’ అని పొలం అప్పగించాడు. నాలుగేళ్ళు బతికాడు. ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు."

కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకున్నాడు. "ఇప్పుడు చుట్టుపక్కలంతా ఆ విత్తనాన్ని ‘పద్నాలుగు’ అంటారు. దాని అసలు పేరు మీ పుస్తకంలో ఉంటుంది కదా. ఫలానా రకం, మేమే పుట్టించామని ఒక్క ముక్క చూపిస్తే చాలు. మాట కటువుదే గానీ అబద్ధం కాదు నాన్నా అని ఆయన ఫొటో ముందు చెప్పుకుంటాను. రోజూ దణ్ణం పెట్టుకుంటాను గానీ ఆ ఫొటో వైపు కళ్ళెత్తలేనమ్మా."

"నిజమైతే మాత్రం అనొచ్చా?" అంది భార్య మెల్లగా.

పెద్దాయన లేచి వెళ్ళి నిచ్చెన కింద పట్టుకున్నాడు.

"ఈయన నాన్నగారి చేతికి అక్షరం తెలీదు గానీ మనసులో చాలానే ఉండేదమ్మా," అంది భార్య అమ్మాయితో. "ఎడమ బొటనవేలు కొడవలికి సగం తెగిపోయింది. ‘సగం ముద్రకి సగం ఉత్తరమే ఇస్తా’ అని పోస్ట్‌మన్ ఆట పట్టిస్తే, ‘మిగతా సగం నువ్వే చదువుకోరా, నాకెలాగూ రాదు’ అనేవాడు మా మావయ్య."

ముగ్గురూ నవ్వారు. పెద్దాయన నవ్వు ముందుగా ఆగిపోయింది.

"దొరికింది!" అమ్మాయి దుమ్ము దులుపుతూ దిగింది. మొదటి పేజీ చదివి తలెత్తింది. "బాబాయిగారూ, ముప్పై సంచులూ కొత్త రకం కావట. పోల్చి చూడాలి కదా! పది సంచుల్లో రైతుల దగ్గర అడిగి తెచ్చిన పాత గింజే పోశారు. ఏ సంచిలో ఏదుందో పంచినవాళ్ళకీ తెలీదట."

"నాది కొత్తదేలే అమ్మా. పంటే సాక్ష్యం."

"చూద్దాం. ఇదిగో, ‘గింజ ఇచ్చినవారు’ అని ఒక గడి ఉంది. కొత్త రకమైతే మా విశ్వవిద్యాలయం ముద్ర, పాతదైతే ఇచ్చిన రైతు సంతకం."

ఆమె వేలు గడి వెంట కిందికి దిగింది. పదకొండు, గుండ్రటి నీలం ముద్ర. పన్నెండు, ముద్ర. పదమూడు, ముద్ర. వేలు ఆగింది. అమ్మాయి రిజిస్టరును ఆయన వైపు తిప్పింది.

పెద్దాయన కళ్ళద్దాలు తుడుచుకుని వంగి చూశాడు.

పద్నాలుగు పక్కన సగం వేలిముద్ర ఉంది.