చేతికి కుదరని చిత్రిక

“అమ్మాయ్! తిరుగుటపా వచ్చింది!” అని అత్తగారు గుమ్మంలోంచి కేకేసింది.

కోడలు తల పట్టుకుంది.

వాళ్ళ కొట్టుకి బోర్డు లేదు, మెట్లు లేవు. ముందుగది నిండా ఉలులు, రంపాలు, జిగురు డబ్బాలు. ఆర్డర్లు కోడలు ఫోన్లో చూసుకుంటుంది, అత్తగారు పాత కాగితాలు చుట్టి పెట్టెల్లో సర్దుతుంది. చెక్కపని సామాన్లు చవగ్గా కావాలంటే ఆన్‌లైన్లో వీళ్ళ కొట్టు చూడమని నలుగురూ చెప్పుకునేవారు. అలాగని ఇద్దరికీ చెక్కపనిలో ఓనమాలు వచ్చనుకునేరు, రావు! ఇంటాయన ఉద్యోగం పోయినప్పట్నుంచీ ఇల్లు గడిచేది మాత్రం దానిమీదే.

ఇక తిరుగుటపా అంటే ఒక పెద్దాయనకి వీళ్ళు పెట్టుకున్న పేరు. చెక్కను నునుపు చేసే చిత్రికలు రెండు మూడు కొంటాడు. కొన్నాళ్ళు ఉంచుకుని తిప్పి పంపేస్తాడు. మళ్ళీ కొంటాడు. ఎప్పుడూ అదే రకం, అన్నిట్లోకీ చవకది.

కోడలు ఆ రోజు ఉండబట్టలేక ఫోన్ చేసింది.

“పెద్దాయనా, వీటిల్లో లోపం ఏముందండీ?”

“లోపమేం లేదు తల్లీ. బంగారంలా ఉన్నాయి. నా చేతికే కుదరలేదు.”

“పోయినసారీ అదే అన్నారు!”

“అప్పుడూ కుదరలేదు మరి.”

“కుదరనివాటిని మళ్ళీ మళ్ళీ ఎందుకు కొనడమండీ?”

“ఆశమ్మా, ఆశ! రానూపోనూ ఖర్చు నేనే పెట్టుకుంటున్నాగా. అవి ఇంకెవరికైనా ఇచ్చెయ్యి. వాళ్ళకి కుదురుతాయి, చూడు.”

కోడలు ఫోన్ పెట్టేసి రుసరుసలాడింది. “ఈయన మన కొట్టుని లైబ్రరీ అనుకుంటున్నాడు అత్తయ్యా!”

“పోనీలేవే. పాపం, మాట ఎంత మెత్తగా ఉంటుందో.”

“మాట మెత్తగా ఉంటే చాలు, మీరు ఇల్లు రాసిచ్చేస్తారు!”

అత్తగారు కిసుక్కున నవ్వి, చిత్రికలు విరగలేదు కదా అని మాత్రం చూసి, పెట్టెల మీద మళ్ళీ టేపు వేసింది. తిరిగొచ్చినవి మూలపడితే అచ్చిరాదని ఆవిడ పట్టుదల. ఎవరికి పంపాలన్నా ముందు వాటినే తీసేది. కొత్తవి ఎప్పుడూ వెనక వరసలోనే ఉండేవి.

అలా సాగుతుండగా, ఓ రోజు కొట్టు నడిచే సైటువాళ్ళ దగ్గర్నుంచి మెసేజీ వచ్చింది. మీ సరుకు మరీ ఎక్కువగా వెనక్కి వస్తోంది, ఇలాగే ఉంటే మీ కొట్టు తీసేస్తాం అని.

కొట్టు పోతే తినేదేమిటి?

“పెద్దాయన్ని ఆపేస్తున్నానత్తయ్యా. ఇక మన దగ్గర కొనలేడు.”

“ఒక్కమాట చెప్పి ఆపవే.”

“చెబితే ‘ఈ ఒక్కసారికీ తల్లీ’ అంటాడు. నేను కరిగిపోతాను. నా సంగతి నాకు తెలీదూ?”

కళ్ళు గట్టిగా మూసుకుని మరీ మీట నొక్కింది, పిచ్చిపిల్ల.

హమ్మయ్య అనుకున్నారు. ఎక్కడి హమ్మయ్య! కొన్ని వారాలు గడిచాయో లేదో, చిత్రికలు వరసగా వెనక్కి రావడం మొదలైంది. ఈసారి తలా ఒక ఊరి నుంచి. గీకుతోందే తప్ప పొర లేవట్లేదని ఒకరు, డబ్బు దండగని ఇంకొకరు. మంచాలు చేసే పాత ఖాతాదారు అయితే ఫోనే చేశాడు.

“ఏంటక్కా ఇది? ఇదివరకు మీ దగ్గర కొన్నది పెట్టెలోంచి తీసి చెక్క మీద పెడితే వెన్నలా తీసింది. ఇప్పుడొచ్చింది ఉత్త ఇనపముక్క.”

“అదే కంపెనీ, అదే రకం తమ్ముడూ. ఒట్టు!”

“అయితే ముందుదాన్ని ఎవరో బాగుచేశారు. బ్లేడుకి సాన పట్టి, అడుగు సమంగా రాచి, చెయ్యి కోసుకోకుండా అంచులు కూడా నున్నగా చేశారు. అంత పని నేను చెయ్యాలంటే రోజంతా పడుతుంది. పెట్టె మీద టేపు మీద టేపు ఉంటే, వాడిన సరుకు అంటగట్టారని ముందు మిమ్మల్ని తిట్టుకున్నా కూడా.”

టేపు మీద టేపు! అవి తిరిగొచ్చిన పెట్టెలు. కోడలు అత్తగారి మొహంలోకి చూసింది.

“ఓరి దేవుడా,” అంది అత్తగారు. “ఇన్నాళ్ళూ జనం మెచ్చుకున్నవన్నీ ఆ మహానుభావుడి చేతిమీదుగా వచ్చినవేనే!”

కోడలికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సిగ్గేసింది. కాళ్ళమీద పడైనా సరే, మళ్ళీ కొనమని అడగాలనుకుంది. గబగబా ఆయన నంబరు కలిపింది.

ఎవరో ఆడమనిషి ఎత్తింది. ఆయన కూతురట.

“నాన్న లేరండీ. పోయిన నెల నిద్రలోనే వెళ్ళిపోయారు.”

“పోయారట అత్తయ్యా,” అంటూ కోడలు ఫోన్ చాచింది. అత్తగారు ఫోన్ అందుకుంది.

“అమ్మా, మావల్ల ఆయన మనసు కష్టపడిందా?”

“అయ్యో, లేదండీ! మీ కొట్టంటే ఆయనకి ప్రాణం. మీరు ఆపేసిన రోజు కూడా, ‘గడుసు పిల్ల, నెగ్గుకొస్తుంది’ అని ముచ్చటపడ్డారు.”

“మరి ఎదురు ఖర్చు పెట్టుకుని, మాటమాత్రం చెప్పకుండా, మాకెందుకమ్మా అంత చాకిరీ చేశారు?”



“ఆ చిత్రికలు చేసే ఫ్యాక్టరీలో, చవగ్గా అమ్మాలని పదును పెట్టే పని మొత్తం ఎత్తేసేదాకా, ఆ పనిలో ఉన్నది మా నాన్నేనండీ.”