సర్కారు పళ్ళు

జబ్బుకు మందూ, నోటికి కట్టుడు పళ్ళూ ఉచితంగా ఇచ్చిన బ్రిటన్ లేబర్ ప్రభుత్వం పంతొమ్మిది వందల యాభై ఒకటి ఎన్నికల్లో ఎందుకు ఓడింది? చరిత్ర చదివినా నాకీ సందేహం తీరలేదు.

మా ఊరు సాల్ఫోర్డ్‌లో ఇంటింటికీ తిరిగి లేబర్ పార్టీకి ఓట్లడిగిన నాన్న, చివరికి అమ్మనూ అడిగాడు. "హిల్డా, నీ నోట్లో పళ్ళు మా సర్కారువే కదే!"

"పళ్ళిచ్చారు సరే, వాటితో మీ ఉపన్యాసాలు నమలమంటావా? యుద్ధం ముగిసి ఆరేళ్ళైనా రేషనే, ఆ మాంసం పిల్లిక్కూడా చాలదు. నా ఓటు మీ ఎదుటి పార్టీకే, టోరీలకేనయ్యా!" అమ్మ ఆ పళ్ళతోనే పకపకా నవ్వింది.

ఓడిపోయాక వచ్చిన ఆదివారం, నాన్న ఎప్పటిలాగే తన వాటా మాంసం అమ్మ కంచంలో వేశాడు. "ముందు జనానికి అందనీ" అంటూ తను పళ్ళు కట్టించుకోనేలేదు. బోసినోటితో రొట్టెను టీలో నానబెట్టుకున్నాడు.

అమ్మ రెండు వాటాలూ తినేసింది.

ఆ ఓటు ఆకలిదో, అక్కసుదో నాకిప్పటికీ తేలలేదు.