మొదటి బహుమతి తోట

"కాఫీ ఎక్కడ పెట్టను?" రెండు కప్పులతో నిలబడి అడిగింది ఫ్రౌకె.

"చేత్తోనే పట్టుకో. తోటల పోటీవాళ్లు వచ్చేస్తున్నారు," అన్నాడు మొగుడు సీట్సె, కత్తెరతో పొద అంచు సరిచేస్తూ.

"మరి నేనెక్కడ కూర్చోను?"

"కూర్చోడానికి ఇల్లుంది కదే! ఇది తోట."

మా ఫ్రీస్లాండ్ ఊళ్లో పెరడంటే నాలుగు మంచాలు పట్టేంత జాగా. పక్కింటి సీట్సె అందులోనే పొదల్ని చదరాలుగా కత్తిరించాడు, పియర్ చెట్టు కొమ్మల్ని గోడకి చాచి కట్టాడు, నీటితొట్టి కూడా ఇరికించాడు. అందుకోసం ముందు బల్ల పోయింది, తర్వాత కుర్చీలు పోయాయి. కుర్చీలున్న రోజుల్లోనూ రెండు గుక్కలు కాఫీ తాగి, ఏదో ఆకు కనబడిందని లేచిపోయేవాడు.

పోటీవాళ్లు పక్కవాటుగా నడుస్తూ చూశారు. "అంగుళం కూడా వృథా కాలేదు!" అని మెచ్చుకుని, మొదటి బహుమతి ఫలకం ఇచ్చి వెళ్లారు.

"ఫ్రౌకె! గెలిచాం!"

"విన్నాలే," అన్న జవాబు మా పెరట్లోంచి వెళ్లింది.

సీట్సె పొదల కంచె మీంచి తొంగిచూశాడు. మా కలుపుమొక్కల మధ్య పాత కుర్చీలో ఆమె కాళ్లు చాపుకుని కాఫీ తాగుతోంది. రెండో కప్పు పక్కనున్న ఖాళీ కుర్చీలో ఉంది.

"రావయ్యా, చల్లారిపోతోంది," అన్నాను నేను.

చుట్టూ తిరిగి వచ్చి, కలుపును చూసి మొహం చిట్లించి, కూర్చున్నాడు. కప్పు సగం ఖాళీ చేశాక మెడ చాచి చూశాడు.

"ఇక్కణ్ణించి మన తోట కనబడదే!"

"కనబడదు. అందుకే నువ్వింకా కూర్చునే ఉన్నావు," అంది ఫ్రౌకె.