పద్దెనిమిది వేల గిన్నె

"అమ్మో!" అంటూ అరుంధతి ఆ ఎర్ర గిన్నెను రెండు చేతులతో కౌంటర్ మీదికి దించేసింది. "పద్దెనిమిది వేలు పెట్టి కొన్నంక, దీన్ని లేపనీకి ఇంకో మనిషిని పెట్టుకోవాలె."

నారాయణగూడలోని వంటపాత్రల షాపు అది. పోయిన నెలే రిటైరైన ఆమె భర్త కిషన్ రావు, ఫోన్‌లో వీడియోలు చూసి చూసి ఆమెను ఇక్కడికి లాక్కొచ్చాడు.

"పోత ఇనుము మేడం, పైన ఎనామిల్ పూత. చింతపండు పులుసు పోసినా ఏం గాదు. మీ మనవల దాకా వస్తది" అన్నాడు షాపతను.

"గిన్నె వస్తది, నా మణికట్టు వస్తదా?" ఆమె భర్త వైపు తిరిగింది. "డాక్టర్ బరువులు ఎత్తొద్దన్నడు. మీరేమో బండరాయి కొనిస్తనంటున్నరు. నన్ను ఆస్పత్రిల జేర్పిస్తరా ఏంది?"

"నిన్నెవరు లేపమన్నరు?" కిషన్ రావు గొంతు తగ్గించాడు. "ఇగ వంట నేను జేస్త. సన్న గిన్నెల నేను వండితే మాడిపోతది. దీంట్ల అడుగంటదంట."

పెళ్లయిన ముప్పై ఒక్క ఏళ్లలో మంచినీళ్లు కూడా తనంతట తాను ముంచుకోని మనిషి, చెవులు ఎర్రబడి, ధర చీటీని గోటితో గీకుతున్నాడు.

"జర లోపల పెట్టున్రి అన్నా" అంది ఆమె షాపతనితో. "ముందుగాల ఈయనను ఇంట్ల ఉన్న గిన్నెలు మాడగొట్టనియ్యున్రి. నెల దినాలు వండిన్రంటే, నేనే వచ్చి కొనిస్త."

మెట్లు దిగుతూ, ఇన్నేళ్లుగా అతను రోజూ తనను అడిగే మాటను మొదటిసారి ఆమె అడిగింది.

"ఇయ్యాల ఏం కూర?"